ఎనిమిది పిక్సెళ్లు: బడి వయసులో కృత్రిమ మేధ పరిశోధన

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో నాకు ఫోన్లు పెరుగుతాయి. చుట్టాలు, పాత స్నేహితులు, మా వీధిలోవాళ్లు. అందరిదీ దాదాపు ఒకే మాట: “మా అమ్మాయికి ఏఐ మీద బాగా ఆసక్తి అండీ, ఏ కోర్సులో చేర్పిస్తే మంచిది?” నేను మెషీన్ లెర్నింగ్ (డేటా చూపించి యంత్రాలకు నేర్పించడం) పనిలో ఉన్నాను కాబట్టి ఒక పేరు చెబుతానని, ఫీజు కట్టేస్తే తమ వంతు పూర్తవుతుందని వాళ్ల ఆశ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పిల్లల చదువు విషయంలో మన ఇళ్లలో అందరికీ తెలిసిన దారి అదే. కానీ పరిశోధన దగ్గరకు వచ్చేసరికి ఆ దారి ఎటూ తీసుకెళ్లదు. ఫోనులో అయిదు నిమిషాల్లో చెప్పలేకపోతున్న సంగతిని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మామూలుగా చెప్పే వరుస ఇది: ముందు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, తరువాత గణితం, తరువాత మెషీన్ లెర్నింగ్, తరువాత డీప్ లెర్నింగ్, అన్నీ అయ్యాక పరిశోధన. ఈ వరుసను నేను నమ్మను. ఈ వరుసలో బయలుదేరిన పిల్లల్లో చాలామంది చివరి మెట్టు దాకా రారు. సర్టిఫికెట్లు పోగవుతాయి, ప్రశ్న మాత్రం పుట్టదు. నా అభిప్రాయంలో బడి పిల్లలు మొదటి వారంలోనే ఒక చిన్న ప్రశ్న చేతిలోకి తీసుకోవాలి. దానికి ఎంత పైథాన్ కావాలో, ఎంత గణితం కావాలో అంత దారిలో నేర్చుకోవాలి. ఇంకో మాట కూడా గట్టిగా చెబుతాను: ఆ మొదటి ప్రశ్న కొత్త మోడల్ (డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) తయారుచేయడం గురించి ఉండనక్కరలేదు. ఎవరో ప్రకటించిన ఒక అంకెను పట్టుకుని, అది ఎలా వచ్చింది, ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ కూలిపోతుంది అని తరచి చూడటంతో మొదలుపెడితే మంచిది. పదిహేనేళ్ల పిల్లలు నిజంగా చేయగల పరిశోధన అది. పెద్ద పెద్ద సంస్థలు హడావుడిలో వదిలేస్తున్న పని కూడా అదే.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం.

సైన్స్ ప్రదర్శనలకు వెళితే ఒక ప్రాజెక్టు తరచుగా కనిపిస్తుంది: ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పే యాప్. పిల్లలు ఎంతో శ్రద్ధగా చేస్తారు. చార్టు మీద 97 శాతం, 98 శాతం కచ్చితత్వం అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇలాంటి ప్రాజెక్టుల వెనక తరచుగా ఉండేది ప్లాంట్‌విలేజ్ అనే ఫొటోల సేకరణ. అందులో 14 పంటలకు చెందిన 54,306 ఆకుల ఫొటోలు, పంటను బట్టి, తెగులును బట్టి 38 తరగతులుగా విడదీసి ఉంటాయి. ఉచితంగా దొరుకుతుంది. 2016లో మొహంతీ, హ్యూస్, సలాథే అనే ముగ్గురు పరిశోధకులు ఈ ఫొటోలతో న్యూరల్ నెట్‌వర్క్ అనే రకం మోడల్‌కు శిక్షణ ఇచ్చి, పక్కన పెట్టిన పరీక్ష ఫొటోల మీద 99.35 శాతం కచ్చితత్వం వచ్చిందని ప్రకటించారు. ఆ తరువాత వచ్చిన పాఠాలకు, ప్రాజెక్టులకు అదే మూలం.

అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది. వేరే పరిస్థితుల్లో తీసిన, వేరే చోట నుంచి సేకరించిన ఫొటోలు ఇచ్చినప్పుడు ఆ మోడల్ కచ్చితత్వం 31 శాతం దగ్గరకు పడిపోయింది. రచయితలు నిజాయితీగా ఆ సంగతి రాశారు. చార్టుల మీదకు మాత్రం మొదటి అంకె ఒక్కటే ఎక్కింది. 99 నుంచి 31కి ఎందుకు పడింది? నా దృష్టిలో ఆ ప్రాజెక్టు మొత్తంలో పరిశోధన అనదగ్గ ప్రశ్న ఇది.

దీనికి జవాబులో ఒక ముఖ్యమైన ముక్క 2022లో వెలువడిన ఒక చిన్న పరిశోధన పత్రంలో దొరికింది. అందులో చేసిన పని వింటే ఇంత తేలికా అనిపిస్తుంది. ప్రతి ఫొటోలోనూ ఆకును పూర్తిగా వదిలేసి, వెనక ఉన్న నేపథ్యం నుంచి 8 పిక్సెళ్లు (ఫొటోలోని అతిచిన్న రంగు చుక్కలు) మాత్రమే తీసుకున్నారు. ఆ 8 పిక్సెళ్లతోనే మోడల్‌కు శిక్షణ ఇచ్చారు. ఆకు ఆకారం దానికి తెలియదు, మచ్చ తెలియదు, పురుగు తెలియదు. అయినా అది 49 శాతం ఫొటోలకు సరైన తరగతి చెప్పింది! 38 పేర్లలో గుడ్డిగా ఒకటి చెబితే 2.6 శాతమే సరిపోవాలి. ఒక తరగతికి చెందిన ఆకులను ఒకే చోట, ఒకే రకం వెలుతురులో, ఒకే బల్ల మీద పెట్టి తీసుకుంటూ పోతే, ఆ నేపథ్యమే తెగులుకు గుర్తుగా మారిపోతుంది. మోడల్ బల్ల రంగు నేర్చుకుంటుంది. మనమేమో అది తెగులును గుర్తిస్తోందని సంతోషిస్తాం.

ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడటానికి ఏం కావాలో లెక్క వేయండి. ఫొటో నాలుగు మూలల్లో ఒక్కో పిక్సెల్, నాలుగు అంచుల మధ్యలో ఒక్కో పిక్సెల్ తీసుకుంటే 8. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. అంటే ఫొటోకు 24 అంకెలు. 54 వేల వరుసలు, 24 నిలువు గడులు ఉన్న పట్టిక తయారవుతుంది. స్కికిట్-లెర్న్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో ర్యాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతికి ఆ పట్టికను ఇస్తే, ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. భారీ లెక్కలు వేగంగా చేసే ఖరీదైన జీపీయూ చిప్పు అక్కరలేదు, డీప్ లెర్నింగ్ రానక్కరలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి వేసవి సెలవుల్లో, పైథాన్ నేర్చుకుంటూనే ఈ పని పూర్తి చేయగలదు.

అసలు ఆసక్తికరమైన భాగం ఆ తరువాత మొదలవుతుంది. ఒక ఫలితాన్ని మీ చేత్తో మళ్లీ రాబట్టాక ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ఉదాహరణకు ఆ 2.6 శాతం అనే పోలిక సరైనదేనా? ప్లాంట్‌విలేజ్‌లో అన్ని తరగతులకూ సమానంగా ఫొటోలు లేవు. నారింజలో గ్రీనింగ్ తెగులుకు అయిదున్నర వేల ఫొటోలుంటే, కొన్ని తరగతులకు కొన్ని వందలే ఉన్నాయి. ఏ ఫొటో చూపించినా “నారింజ గ్రీనింగ్” అని చెబుతూ పోయినా దాదాపు పది శాతం సరిపోతుంది. కాబట్టి 49ని పోల్చవలసింది పదితోనా, 2.6తోనా? దీనికి సమాధానం ఆలోచించిన విద్యార్థికి, మోడల్‌ను దేనితో పోల్చాలి అనే విషయం ఇక ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు. ఇంకో సంగతి: ఈ సేకరణలో ఒకే ఆకును వేర్వేరు కోణాల్లో తీసిన ఫొటోలు చాలా ఉన్నాయి. ఫొటోలను కలిపేసి ఎలాబడితే అలా రెండు భాగాలు చేస్తే, శిక్షణలో చూసిన ఆకే పరీక్షలోనూ వస్తుంది. ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టు. ఆకులవారీగా విడదీసి మళ్లీ శిక్షణ ఇస్తే అంకె ఎంత తగ్గుతుంది? చేసి చూస్తే తెలుస్తుంది.

ఇక్కడి నుంచి మన ఊళ్లోకి వద్దాం. ప్లాంట్‌విలేజ్‌లోని 38 తరగతుల్లో పది టమాటావే. మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న విద్యార్థికి ఇది వరం లాంటి సంగతి. తోటలోకి వెళ్లి, మొక్క మీదే ఉన్న ఆకులను, ఉదయం కొన్ని, మిట్టమధ్యాహ్నం కొన్ని, వాన పడ్డాక కొన్ని, వేర్వేరు ఫోన్లతో ఫొటోలు తీయవచ్చు. తెగులు పేరు మనం ఊహించి రాయకూడదు. వ్యవసాయాధికారి చేతో, కృషి విజ్ఞాన కేంద్రంలో తెలిసినవారి చేతో పేర్లు రాయించుకోవాలి. వీలైతే ఇద్దరి చేత విడివిడిగా రాయించుకుని ఎన్నిచోట్ల వాళ్లిద్దరూ ఏకీభవించారో చూడాలి. ఇలా జాగ్రత్తగా పేర్లు పెట్టిన రెండు వందల ఫొటోలు చాలు. ప్లాంట్‌విలేజ్ మీద శిక్షణ పొందిన మోడల్‌ను వాటి మీద పరీక్షిస్తే వచ్చే అంకె ఎంత చిన్నదైనా విలువైనదే, ఎందుకంటే ఆ తోటల గురించి ఆ అంకె అంతకుముందు ఎవరి దగ్గరా లేదు.

గుంటూరు, ఖమ్మం వైపు పిల్లలకు ఇంకా లోతైన ప్రశ్న ఉంది. ఆ సేకరణలో మిరప జాతికి చెందినది బెల్ పెప్పర్ ఒక్కటే. దానికీ రెండే తరగతులు: ఆరోగ్యంగా ఉన్న ఆకు, బ్యాక్టీరియా మచ్చ తెగులు. మన మిరప రైతును ఏడిపించే ఆకుముడత అందులో లేదు. 2021-22లో రెండు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు అందులో లేదు. తనకు పేరే తెలియని ఆకును చూపించినప్పుడు మోడల్ ఏం చేస్తుంది? మామూలుగా తయారుచేసిన మోడల్‌కు “నాకు తెలియదు” అనే గడి ఉండదు. ఉన్న 38 పేర్లలో ఏదో ఒకటి ఎంచుకోవలసిందే. ఎంత ధీమాతో ఎంచుకుంటుంది? 60 శాతం నమ్మకంతోనా, 95 శాతం నమ్మకంతోనా? ఏ తప్పుడు పేరు ఎక్కువసార్లు చెబుతుంది? ఆ పేరు చూసి రైతు మందు కొంటే ఖర్చు ఎవరి మీద పడుతుంది? తనకు తెలియనిదేదో మోడల్‌కు తెలిసేలా చేయడం ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు ఇప్పటికీ కుస్తీ పడుతున్న సమస్య. దాని ఒక కొస మన మిరప చేలో ఉంది. ఆ కొస పట్టుకోవడానికి పీహెచ్‌డీ అక్కరలేదు.

నాకు ఇష్టమైన రెండో రంగం భాష. దీనికి ల్యాప్‌టాప్ కంటే చెవులు ముఖ్యం.

చాట్‌బాట్ల వెనక ఉండే భాషా మోడళ్లు మనం రాసిన వాక్యాన్ని నేరుగా చదవవు. ముందు దాన్ని టోకెన్లు అనే ముక్కలుగా కోస్తాయి. చాలా మోడళ్లలో ఈ కోత బైట్ల మీద ఆధారపడి ఉంటుంది. కంప్యూటర్లు అక్షరాలను బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, వత్తుకు వాడే పొల్లు గుర్తు, ఒక్కొక్కదానికీ 3 బైట్లు. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో రాస్తే 7 బైట్లు, తెలుగులో రాస్తే 21. కోత పద్ధతి ఎక్కువగా ఇంగ్లీషు రాతల మీద తయారైనప్పుడు తెలుగు వాక్యం చిన్నచిన్న ముక్కలైపోతుంది. ఒకే విషయాన్ని చెప్పడానికి భాషకూ భాషకూ మధ్య టోకెన్ల సంఖ్యలో 15 రెట్ల దాకా తేడా ఉండవచ్చని 2023లో ఒక పరిశోధన చూపించింది. చాలా సేవలకు డబ్బు టోకెన్ల లెక్కనే కట్టాలి. అంటే తెలుగులో అడిగే ప్రశ్నకు ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఆలస్యం. కొత్త మోడళ్లలో ఈ తేడా ఎంత తగ్గింది? బహిరంగంగా దొరికే మోడళ్ల టోకెన్ కోత పద్ధతులన్నీ ఉచితంగా దించుకోవచ్చు. ఒకే వాక్యాలు అనేక భాషల్లో ఉన్న ఫ్లోర్స్-200 అనే సేకరణలో తెలుగు కూడా ఉంది. లెక్క చేయడానికి ఒక సాయంత్రం చాలు, అర్థం చేసుకోవడానికి ఒక నెల పట్టవచ్చు.

ఇది కొలత. దీనికంటే పెద్ద ప్రశ్న మాండలికాలది. మోడళ్లకు తెలిసిన తెలుగు ఎక్కువగా వార్తాపత్రికల తెలుగు, వికీపీడియా తెలుగు. శ్రీకాకుళంలో నాయనమ్మ మాట్లాడేది, కడపలో తాతయ్య మాట్లాడేది, ఆదిలాబాదులో పక్కింటి అవ్వ మాట్లాడేది వీటికి ఎంత అర్థమవుతుంది? దీన్ని పరీక్షించడానికి కావలసిన నైపుణ్యం ఏ విశ్వవిద్యాలయంలోనూ ముందుగా దొరకదు, ఆ ఇంట్లో పెరిగిన పిల్లల దగ్గర దొరుకుతుంది. అయితే ఆషామాషీగా నాలుగు వాక్యాలు అడిగి నవ్వుకుంటే పరిశోధన అయిపోదు. వంద వాక్యాలు రాయండి, ప్రతి వాక్యం రెండు రూపాల్లో: ఇంట్లో అనే తీరులో ఒకటి, పత్రికలో రాసే తీరులో ఒకటి. అర్థం రెండింటిలోనూ ఒకటే ఉండాలి. రెండింటినీ మోడల్ చేత ఇంగ్లీషులోకి మార్పించండి. వచ్చిన అనువాదాలను కలగలిపి, ఏది ఏ రూపం నుంచి వచ్చిందో తెలియనివ్వకుండా ఇద్దరు స్నేహితుల చేత మార్కులు వేయించండి. ఇద్దరి మార్కులు ఎంత వరకు కలిశాయో లెక్కించండి. ఏ మోడల్, ఏ వెర్షన్, ఏ తేదీన అడిగారో తప్పకుండా రాసిపెట్టండి, ఎందుకంటే వచ్చే నెలకు ఆ మోడల్ మారిపోవచ్చు. పెద్దవాళ్ల గొంతు రికార్డు చేస్తే ముందు వాళ్లకు విషయం వివరించి అనుమతి తీసుకోండి. వాళ్ల పేర్లు, ఇంటి సంగతులు బయటికి పోకుండా చూడండి. ఈ చివరి మాటను చాలామంది లాంఛనంగా తీసుకుంటారు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ఈ దారిలో నడవాలనుకునేవారికి మన దగ్గరే పెద్దలున్నారు. ఐఐఐటీ హైదరాబాద్‌లో భాషా సాంకేతికతల పరిశోధన కేంద్రం రెండు దశాబ్దాలకు పైగా తెలుగు, ఇతర భారతీయ భాషల మీద పనిచేస్తోంది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 22 భారతీయ భాషలకు అనువాద మోడళ్లు, డేటా తయారుచేసి అందరికీ ఉచితంగా పెట్టింది. భాషను ఒక పజిల్‌లా విప్పడం ఇష్టమైన పిల్లలకు పాణిని భాషాశాస్త్ర ఒలింపియాడ్ ఉంది. దానికి ముందస్తుగా ఏ భాషాశాస్త్రమూ చదివి ఉండనక్కరలేదు.

ఒలింపియాడ్ మాట వచ్చింది కాబట్టి ఒక తేడా చెప్పాలి. కృత్రిమ మేధకు అంతర్జాతీయ ఒలింపియాడ్ కూడా మొదలైంది. మొదటిది 2024లో బల్గేరియాలోని బుర్గాస్‌లో, రెండోది 2025లో బీజింగ్‌లో జరిగింది. పోటీ అంటే ఉత్సాహం ఉన్న పిల్లలకు మంచి వేదిక. కానీ పోటీలో సమస్య ఇచ్చినవారికి జవాబు ఎలా ఉండాలో ముందే తెలుసు. పరిశోధనలో ఎవరికీ తెలియదు. పోటీల్లో రాణించే పిల్లలు ఈ రెండో పరిస్థితిలో మొదట్లో ఉక్కిరిబిక్కిరి అవుతారు. మన దగ్గర ర్యాంకుల పిల్లలకు ఇది మరీ ఎక్కువ. వాళ్లకు తల్లిదండ్రులు చేయగల సాయం ఒక్కటే: మూడు వారాలు గడిచినా ఫలితం రాలేదని వాళ్లు చెబితే కంగారు పడకుండా ఉండటం.

ఇక గణితం. గణితం లేకుండా ఏఐ నేర్పిస్తామనే ప్రకటనలు చూస్తే నాకు కోపం వస్తుంది. అదే సమయంలో, ఎంతో గణితం వస్తే తప్ప మొదలుపెట్టకూడదని భయపెట్టేవాళ్లతోనూ నేను ఏకీభవించను. పైన చెప్పిన ప్రయోగాలన్నిటికీ పదో తరగతి సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత సరిపోతాయి. న్యూరల్ నెట్‌వర్క్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ఇంటర్ గణితంలోని మాత్రికలు, అవకలనాలు కావాలి. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ ‘నేచర్’ పత్రికలో రాసిన పత్రంతో ప్రసిద్ధికెక్కిన బ్యాక్‌ప్రొపగేషన్ అనే శిక్షణ పద్ధతికి గుండెకాయ అవకలనాల్లో వచ్చే చైన్ రూలే. ఇంటర్ విద్యార్థి మార్కుల కోసం వందలసార్లు వాడే సూత్రం ఇప్పటి భాషా మోడళ్లన్నిటినీ నడిపిస్తోందని తరగతి గదిలో ఒక్కసారి చెబితే పిల్లలు ఆ పాఠాన్ని చూసే తీరే మారిపోతుంది. ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ యూట్యూబులో ఉచితంగా పెట్టిన పాఠాల్లో మొదటిది ఇదే సూత్రంతో ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను సున్నా నుంచి కట్టి చూపిస్తుంది. దాన్ని చూస్తూ, ఆపుతూ, చేత్తో కాగితం మీద లెక్క చేసిన విద్యార్థికి, పది కోర్సుల సర్టిఫికెట్లున్నవారి కంటే ఎక్కువ తెలుస్తుంది. చూడటం ఒక్కటే చాలదు, చేయాలి.

చాట్‌బాట్ల సాయం తీసుకోవచ్చా? కోడ్‌లో తప్పు వెతకడానికి, అర్థం కాని వాక్యం విడమరిచి చెప్పించుకోవడానికి నిరభ్యంతరంగా. కానీ ఫలితం ఎందుకు అలా వచ్చిందో రాసే పేరా మీరే రాయాలి. ఆ పేరా కోసమే మిగతా పనంతా. దాన్ని యంత్రానికి అప్పజెప్పితే మీకు మిగిలేది ఫైలు మాత్రమే.

సమయం గురించి మొహమాటం లేకుండా చెప్పుకుందాం. హాస్టల్లో ఉండి, ఫోను లేకుండా, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా జేఈఈ, ఈఏపీసెట్ స్టడీ అవర్లలో కూర్చునే ఇంటర్ విద్యార్థికి పరిశోధన కూడా చేయమని నేను చెప్పను. ఆ రెండేళ్లలో అది మరో బరువే అవుతుంది. ఆ ప్రవేశ పరీక్షల్లో దీనికి ఒక్క మార్కు కూడా రాదు. నాకు కనిపించే మంచి కాలాలు రెండు: ఎనిమిది, తొమ్మిది తరగతుల వేసవి సెలవులు ఒకటి. ప్రవేశ పరీక్షలు ముగిసి ఇంజినీరింగ్ తరగతులు మొదలయ్యేలోపు దొరికే ఖాళీ నెలలు రెండోది. రెండోదాన్ని మనవాళ్లు పూర్తిగా వృథా చేస్తున్నారు. పదిహేడేళ్ల వయసు, తలలో తాజాగా ఉన్న గణితం, చేతినిండా సమయం – మళ్లీ జీవితంలో ఈ మూడూ ఒకేసారి దొరకవు.

డబ్బు, పరికరాలు లేవనే బాధ నిజమైనదే. ప్రభుత్వ పాఠశాలల్లో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ ఉండదు. గూగుల్ కోల్యాబ్, కాగుల్ లాంటి చోట్ల జీపీయూలు కొంత మేరకు ఉచితంగా ఇస్తారు, బ్రౌజరు ఉంటే చాలు. అయినా ఫోను తెర మీద కోడ్ రాయడం కష్టం, అది ఒప్పుకోవాలి. ఇక్కడ బడుల బాధ్యత ఉంది. అటల్ టింకరింగ్ ల్యాబులు, కంప్యూటర్ గదులు ఉన్న చోట కూడా తనిఖీ రోజున తప్ప తాళం తీయకపోవడం అన్యాయం. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఆ గది తెరిచి ఉంచే ఉపాధ్యాయుడు ఒక్కరున్నా చాలు, ఆయనకు ఏఐ రానక్కరలేదు.

రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. యంత్రాలకు మాట అర్థమయ్యేలా చేసే పనిని 1960లలోనే అమెరికాలో చేపట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. పదో తరగతి కాగానే పల్లెటూరి పిల్లలను తీసుకుని ఆరేళ్లు చదివించే ఆర్జీయూకేటీ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ ఆయనే. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఆ ట్రిపుల్ ఐటీల్లో చేరేవాళ్ల వయసు పదిహేను, పదహారు. జేఈఈ ఒత్తిడి లేకుండా, కంప్యూటర్ల మధ్య, పంట పొలాల నుంచి వచ్చిన పిల్లలు వేల సంఖ్యలో ఒక్కచోట ఉండటం దేశంలో అరుదైన సంగతి. మిరప ఆకుల ప్రశ్నకైనా, మాండలికాల ప్రశ్నకైనా అంతకంటే తగిన చోటు నాకు తోచదు. మొదటి రెండేళ్ల పిల్లలకు అలాంటి చిన్న పరిశోధన పనులు అప్పగించే అధ్యాపకులకు విశ్వవిద్యాలయం అండగా నిలవాలి.

ఇప్పుడు డబ్బున్నవాళ్ల వైపు చూద్దాం. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని నా కోరిక. కళాశాల ప్రవేశాల కోసం హైస్కూలు పిల్లల చేత పరిశోధన పత్రాలు రాయించి ప్రచురింపజేసే వ్యాపారం అక్కడ పెద్దదైంది. వేల డాలర్ల ఫీజు తీసుకుని, ఒక మెంటర్‌ను కేటాయించి, కొన్ని వారాల్లో పత్రం తేలుస్తారు. దీని మీద ప్రోపబ్లికా వార్తాసంస్థ 2023లో వివరమైన కథనం ప్రచురించింది. ఆ ధోరణి ఇప్పుడు మన నగరాలకూ వచ్చింది. 2024లో న్యూరిప్స్ అనే పెద్ద ఏఐ పరిశోధన సదస్సు మొదటిసారిగా హైస్కూలు విద్యార్థులకు ఒక విభాగం పెట్టినప్పుడు పరిశోధకుల్లోనే గట్టి వాదోపవాదాలు జరిగాయి. ప్రొఫెసర్లు చుట్టాలుగానో, ఇరుగుపొరుగుగానో ఉన్న పిల్లలకే ఇది మేలు చేస్తుందని కొందరన్నారు. చివరికి 330 ప్రాజెక్టులు వచ్చాయి, 21 ఎంపికయ్యాయి, నాలుగింటికి పురస్కారం దక్కింది. పిల్లలకు వేదిక ఉండటాన్ని నేను వ్యతిరేకించను. కానీ పదిహేనేళ్ల వయసులో పేరు అచ్చులో చూసుకోవడమే గమ్యమైతే, వచ్చిన ఫలితాన్ని అనుమానించే అలవాటు ఎప్పటికీ రాదు. డబ్బు కట్టి తొందరగా తేల్చిన పత్రంలో మొదట చచ్చిపోయేది ఆ అనుమానమే. 99 శాతం రాగానే పత్రం ముగుస్తుంది, 8 పిక్సెళ్ల ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

మెంటర్ అక్కరలేదని నేను అనడం లేదు. వెతికే పద్ధతి వేరుగా ఉండాలి. “గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, నాకు ఏఐ అంటే చాలా ఇష్టం, మీ దగ్గర పని చేసే అవకాశం ఇవ్వండి” అనే ఉత్తరాలు వాళ్లకు రోజూ వస్తాయి. చదివే సమయం కూడా ఉండదు. దానికి బదులు ముందు నెలన్నర సొంతంగా పని చేయండి. తరువాత ఏడెనిమిది వాక్యాల ఉత్తరం రాయండి: మీ ఫలానా పత్రంలోని ఫలానా పట్టికను తిరిగి చేసి చూశాను, నాకు ఇంత వచ్చింది, మీకు అంత వచ్చింది, తేడాకు కారణం ఇదై ఉంటుందని అనుకుంటున్నాను, నా ఆలోచన సరైనదేనా? ఒక గ్రాఫ్ జత చేయండి. వయసు, తరగతి, బడి పేరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పండి. ప్రొఫెసర్ కంటే ఆ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నవారికి రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లకు మీ సమస్య నిన్న మొన్నటి అనుభవం. పది ఉత్తరాలకు ఒక జవాబు వచ్చినా అది మంచి ఫలితమే.

జవాబు రాకపోయినా పని ఆగదు. కోడ్‌ను, ఫొటోల సేకరణను కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టండి. పక్కన తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా రెండు పేజీల నివేదిక రాయండి. ఏం అడిగారు, ఏ డేటా ఎక్కడ, ఎలా సేకరించారు, ఎవరి చేత పేర్లు పెట్టించారు, ఏ అంకెతో పోల్చారు, ఎక్కడ మోడల్ తప్పిందో చూపించే పది ఉదాహరణలు. ఆ పది ఉదాహరణలను మాత్రం వదలకండి. అంకె ఒక్కటే ఇస్తే చదివేవారికి నమ్మడమో నమ్మకపోవడమో తప్ప దారి ఉండదు. తప్పుగా గుర్తించిన పది ఆకుల ఫొటోలు పక్కపక్కన పెడితే, ఎక్కడో ఉన్న మరో విద్యార్థి వాటిని చూసి మీకు తట్టని కారణం పట్టుకోవచ్చు. తన తోటలో ఫొటోలు తీసి మీ పట్టికకు కలపవచ్చు.